బడి సంచీ దించాక

1877లో ఒక పద్నాలుగేళ్ల కుర్రాడు కలకత్తా నుంచి రాయ్‌పూర్ వచ్చాడు. తండ్రి విశ్వనాథ దత్తా కలకత్తా హైకోర్టులో అటార్నీ. వృత్తి పని మీద ఆయన ముందే ఇక్కడికి చేరాడు, కుటుంబం తర్వాత బయల్దేరింది. అప్పటికి ఈ ఊరికి రైలు లేదు. నాగపూర్ దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణించి అడవుల గుండా రెండు వారాలకు పైగా ఎడ్లబండ్ల మీద ప్రయాణం చేశారు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పెట్టిన మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చదువుతున్న పిల్లవాడు చదువు మధ్యలో వదిలేసి వచ్చాడు. ఆటల్లో ముందుండే ఆ కుర్రాడి స్నేహితుల గుంపంతా కలకత్తాలోనే ఉండిపోయింది. అతని చదువుకి తగ్గ బడి అప్పటి రాయ్‌పూర్‌లో లేదని జీవితచరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. ఆ కుర్రాడు నరేంద్రనాథ్, మనకి తెలిసిన వివేకానందుడు. వాళ్లున్న బూఢాపారాకి దగ్గర్లోని బూఢా తాలాబ్‌ని ఇప్పుడు వివేకానంద సరోవరం అంటున్నారు. ఊరి విమానాశ్రయానికీ ఆయన పేరే.

బడి పోయింది, స్నేహితులు పోయారు, ఒంట్లోనూ బాగా లేదు. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లవాడి తల్లిదండ్రులు ఎంత హడలిపోతారో తెలుసు. దాదాపు రెండేళ్ల తర్వాత 1879లో నరేంద్రుడు కలకత్తా వెళ్లి, పోగొట్టుకున్న పాఠాలన్నీ ఏడాదిలో పూర్తిచేసి, ఎంట్రన్స్ పరీక్ష మొదటి తరగతిలో పాసయ్యాడు. మధ్యలో ఆ రెండేళ్లూ ఏం జరిగింది? ముఖ్యంగా జరిగినది ఒకటే, తండ్రి కొడుకుతో మాట్లాడాడు. ఏదో ఒక విషయం ఎత్తి వాదించనిచ్చేవాడు. ఇంటికి వచ్చే పెద్దమనుషుల చర్చల్లో కూర్చోనిచ్చేవాడు, అభిప్రాయం చెప్పనిచ్చేవాడు. చదరంగం ఆడించాడు, వంట నేర్పాడు.

ఒక్క నరేంద్రుడి కథ దేనికీ రుజువు కాదు. అంత చురుకైన పిల్లవాడు ఎక్కడున్నా రాణించేవాడేమో. ఆ తండ్రి చేసినవన్నీ అనుసరించదగ్గవీ కావు. కొడుకు తల్లిని ఏదో మాటన్నాడని, స్నేహితులు వచ్చే గది తలుపు మీద ఆ సంగతి బొగ్గుతో రాసిపెట్టాడని చెబుతారు. తోటివాళ్ల ముందు పరువు తీయడం ఏ వయసు పిల్లలకైనా మానని గాయమే, నేనైతే దాన్ని ఎవరికీ సిఫారసు చేయను. అయితే ఆయన సహజంగా చేసిన ఆ మొదటి పనినే, పిల్లవాడి పక్కన కూర్చుని తీరిగ్గా మాట్లాడటాన్నే, గత యాభై ఏళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నో వైపుల నుంచి పరీక్షించారు. చదువు, స్నేహం, మనసు ఈ మూడూ వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి. పరిశోధనల్లోకి దిగితే మూడింటిలోనూ ఒకే మనిషి అవసరం కనిపిస్తుంది, సంచీ దించిన పిల్లకి పక్కన కూర్చునే పెద్ద మనిషి.

ఇప్పుడు మన ఇళ్లకే వద్దాం. రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన ఆ దారి వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం ఇటు వచ్చాయి. రైల్వే క్వార్టర్లలో, డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలో, పక్కనే భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ మూడు నాలుగు తరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉంది. ఇలాంటి ఇంట్లో నాలుగో తరగతి చదివే ఒక పిల్లని ఊహించుకుందాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. సాయంత్రం బడి నుంచి వచ్చి లెక్కల నోటుబుక్కు తీసింది. టీచరు నోటితో చెప్పిన లెక్క: "ఉన్‌హత్తర్ మే సే ఉన్‌తీస్ ఘటావో." పిల్ల 79 అని వేసింది, అందులోంచి 29 తీసేసి 50 అని రాసింది. ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. "ఇంత చిన్న లెక్క కూడా రాదా నీకు?" అని తల్లి అంది.

అదే తల్లి కాసేపాగి, "అరవై తొమ్మిదిలోంచి ఇరవై తొమ్మిది పోతే ఎంతే?" అని అడిగితే పిల్ల చప్పున నలభై అంటుంది. తీసివేతలో తప్పు లేదు, సంఖ్య పేరు చెవికి వేరేలా తగిలింది. తెలుగులో ఇరవై దాటాక పేర్లన్నీ చెప్పినట్టే ఉంటాయి, అరవై పక్కన తొమ్మిది పెడితే అరవై తొమ్మిది. హిందీలో నూరు దాకా చాలావాటిని విడివిడిగా కంఠస్థం చేయాల్సిందే. పైగా తొమ్మిదితో ముగిసే సంఖ్యల్లో చాలావాటి పేర్లలో తర్వాతి పది శబ్దం దాగుంటుంది. ఉన్‌సఠ్‌లో అరవై వినిపిస్తుంది కానీ అది 59. ఉన్‌హత్తర్‌లో డెబ్బై వినిపిస్తుంది కానీ అది 69. పుట్టినప్పటి నుంచి హిందీ వింటున్న పిల్లలు కూడా ఉన్‌తాలీస్, ఉన్‌చాస్ దగ్గర తడబడతారు. మన పిల్లకి ఆ తడబాటు ఇంకా ఎక్కువ.

దీని మీద మంచి పరిశోధన ఉంది. 1995లో కెవిన్ మిల్లర్, ఆయన సహచరులు చైనా, అమెరికా పిల్లలచేత అంకెలు లెక్కపెట్టించారు. పదిదాకా ఇద్దరూ సమానమే. పదకొండు నుంచి అమెరికా పిల్లలు వెనకబడ్డారు. చైనీసులో పదకొండుని "పది-ఒకటి" అంటారు, ఇంగ్లీషు పేరులో ఆ జాడ ఉండదు. వస్తువుల్ని లెక్కించడంలో, చిన్న లెక్కలు చేయడంలో మాత్రం ఇద్దరికీ తేడా కనపడలేదు. పేర్ల దగ్గర తడబడే పిల్లకి లెక్కే రాదని తేల్చేస్తే ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాబట్టి తల్లి పక్కన కూర్చున్నప్పుడు మొదటి పని, తప్పు ఎక్కడ పుట్టిందో చూడటం. "ఎలా చేశావో నాకు చెప్పు" అని అడిగితే చాలు, పిల్ల తనే 79 అని చదివి వినిపిస్తుంది. ఆ తర్వాత ఎంత సాయం చేయాలి? డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లలకి 21 చెక్క ముక్కలిచ్చి గోపురంలా పేర్చమన్నారు. నేర్పే మనిషి ఎప్పుడు చెయ్యి వేయాలి, ఎప్పుడు మాటతో సరిపెట్టాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నదే వాళ్లు చూసింది. అంతకు ముందు సంవత్సరం వుడ్, మిడిల్టన్ తల్లుల్ని గమనించి చూశారు. పిల్ల తప్పితే ఒక మెట్టు ఎక్కువ సాయం, చేయగలిగితే వెంటనే ఒక మెట్టు తక్కువ. ఇలా చేసిన తల్లుల పిల్లలే తర్వాత ఒంటరిగా బాగా పేర్చారు. మన ఊళ్లలో బావిలో ఈత నేర్పేవాళ్లు వీపుకి బెండ్లు కట్టి, చేతులాడటం వచ్చేకొద్దీ ఒక్కో బెండూ తీసేస్తారు. ఇదీ ఆ పద్ధతే. లెక్క మొత్తం మనం చేసేసి "చూశావా, ఇంతే" అనడం బెండ్లు తీయకపోవడం, "నువ్వే చేసుకో, పరీక్షలో నేను వస్తానా" అనడం కట్టకుండానే తోసేయడం.

సాయానికి కూర్చునేవాళ్ల మనసు ఎలా ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2015లో ఎరిన్ మలోనీ, సియాన్ బెయిలాక్ బృందం ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని ఒక విద్యాసంవత్సరం పాటు చూసింది. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు తరచూ హోంవర్కు చేయించిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లలోనూ ఆ భయం పెరిగింది. భయమున్నా హోంవర్కులో పెద్దగా కలగజేసుకోని ఇళ్లలో ఈ నష్టం కనపడలేదు. "నాకూ లెక్కలు రావు, మన వంశంలోనే లేవు" అని ఎందరి నోటో వింటాం. ప్రేమతో, ఓదార్పుగా అనే మాటే. పిల్ల మాత్రం అందులోంచి ఓటమిని ముందే ఒప్పుకోవచ్చని నేర్చుకుంటుంది. లెక్కలు చూస్తేనే చెమటలు పట్టేవాళ్లు ఆ గంట అన్నకో బాబాయికో అప్పగించి, తాము కథల పుస్తకం దగ్గర కూర్చోవచ్చు. దాన్ని బాధ్యత తప్పించుకోవడం అనుకోనక్కర్లేదు.

ఇంటి భాష సంగతికి వద్దాం. బయటి రాష్ట్రాల్లో ఉన్న తెలుగు తల్లిదండ్రులకి బడిలో తరచూ ఎదురయ్యే సలహా, "ఇంట్లో కూడా హిందీలోనే మాట్లాడండి, అప్పుడే పాఠం అందుకుంటుంది." చెప్పేవాళ్లు మంచి ఉద్దేశంతోనే చెబుతారు. ఆ సలహా తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కెనడాలో వలస కుటుంబాల పిల్లల్ని చూసిన జిమ్ కమిన్స్ 1979 నుంచి ఒక విషయం పదే పదే రాశాడు. ఆటస్థలంలో దొర్లే కొత్త భాష పిల్లలకి రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం అర్థం చేసుకుని జవాబు రాయడానికి కావలసిన భాష అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. "హిందీ గలగలా మాట్లాడుతుంది, పాఠం మాత్రం ఎక్కదు" అని విసుక్కునే తల్లిదండ్రులూ టీచర్లూ చూస్తున్నది ఈ మధ్య దూరాన్నే. ఆయన చెప్పిన రెండో విషయం ఇంకా ముఖ్యం. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషలోకి వెళుతుంది. వాన ఎందుకు పడుతుందో తెలుగులో అడిగి, వాదించి, అర్థం చేసుకున్న పిల్ల హిందీ పాఠంలో కొత్తగా నేర్చుకోవాల్సింది మాటల్ని మాత్రమే. ఇంట్లో తల్లికీ నానమ్మకీ సరిగా రాని హిందీతో మాట్లాడితే "తిన్నావా, రాశావా, పడుకో" దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. "ఎందుకు" అనే ప్రశ్న ఇంట్లోంచి మాయమవుతుంది. అది పెద్ద నష్టం.

దీనికి ఈ ఊరి కథే ఒకటి ఉంది. నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ 1923లో రాయ్‌పూర్‌లో పుట్టాడు. ఛత్తీస్‌గఢ్ పల్లెల జానపద నాటకం నాచా ఆడే కళాకారుల్ని తన నాటకాల్లోకి తీసుకున్నాడు. ఊళ్లో తెల్లవార్లూ ఆడి జనాన్ని ఉర్రూతలూగించే ఆ నటులు, ఆయన నాటకంలో హిందీ మాటలు పలకవలసి వచ్చేసరికి బిగుసుకుపోయేవారు. లోపం ఎక్కడుందో ఆయనకి బోధపడటానికి ఏళ్లు పట్టింది. 1973లో రాయ్‌పూర్‌లో నడిపిన నాచా శిబిరం ఆ దారిలో పెద్ద మలుపు. నటులు ఛత్తీస్‌గఢీలో, తమకి తోచిన కదలికలతో ఆడటం మొదలుపెట్టాక వాళ్ల అసలు బలం బయటపడింది. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' ఆ బృందానిదే, 1982లో అది ఎడిన్‌బరో ఫ్రింజ్ పండుగలో బహుమతి గెలుచుకుంది. ఒక్క హిందీ వాక్యం దగ్గర రాయిలా నిలబడిపోయిన వాళ్లని మందమతులనుకుని పంపేసి ఉంటే ఏమయ్యేది? నాలుగో తరగతి గదిలో రోజూ జరిగేది అదే.

పిల్లలకి వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. రాయ్‌పూర్ బడిలో తెలుగు పిల్లకి అది జరిగే పని కాదు. ఇంట్లో జరిగేదాన్నయినా ఆపకూడదు. తెలుగు అక్షరాలు నేర్పే తీరిక లేకపోయినా తెలుగు కథ, తెలుగు వాదన ఉండాలి. అక్షరాల విషయంలోనూ ఓపిక అవసరం. ఇంగ్లీషుకి ఇరవై ఆరు అక్షరాలు, మన దేశపు లిపుల్లో గుణింతాలూ ఒత్తులూ కలిపితే వందలు. కన్నడ బడుల్లో సోనాలీ నాగ్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. నాలుగో తరగతిలో కూడా పిల్లలు ఇంకా అక్షరాలు పూర్తిచేస్తూనే ఉన్నారని అందులో తేలింది. రెండో తరగతిలో సంయుక్తాక్షరం దగ్గర ఆగిన పిల్లని చూసి కంగారుపడనక్కర్లేదు.

చదువు గురించి ఇంత మాట్లాడే ఇళ్లలోనే స్నేహం గురించి మాట తక్కువ. "బడికి వెళ్లేది చదువుకోడానికా, కబుర్లకా" అంటాం. గ్యారీ లాడ్ 1990లో, బడిలో కొత్తగా చేరిన చిన్నపిల్లల్ని ఏడాది పొడుగునా గమనించాడు. తరగతిలో స్నేహితులున్న పిల్లలు బడిని ఎక్కువ ఇష్టపడ్డారు, కొత్త స్నేహాలు చేసుకున్నవాళ్ల చదువూ మెరుగుపడింది. కబుర్లు చదువుకి అడ్డమని అనుకునే ముందు ఈ ఫలితం గుర్తుంచుకోవాలి.

ఛత్తీస్‌గఢ్‌కి ఈ జ్ఞానం శాస్త్రవేత్తల కన్నా ఎంతో ముందునుంచీ ఉంది. శ్రావణంలో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ గింజలు చల్లి, వెలుతురు తగలని మూల పెట్టి, పసుపుపచ్చటి మొలకలు పెంచుతారు. అవే భోజలి. రాఖీ మర్నాడు పాటలు పాడుతూ ఊరేగింపుగా చెరువుకి తీసుకెళ్లి నిమజ్జనం చేస్తారు. నాలుగు మొలకలు మిగుల్చుకుని, ఇష్టమైన పిల్ల చెవి వెనక పెడతారు. ఆ క్షణం నుంచి ఇద్దరూ ఒకరికొకరు భోజలి. ఇక పేరుతో పిలుచుకోరు, ఎనభై ఏళ్లొచ్చినా "భోజలీ" అనే పిలుపే. పూరీ జగన్నాథుడి ప్రసాదం పంచుకుంటే మహాప్రసాద్, గంగాజలం పంచుకుంటే గంగాజల్. మితాన్ కట్టుకోవడం అని దీనికి పేరు. కులం వేరైనా సరే, రెండు కుటుంబాలూ పెళ్లికీ చావుకీ ఒకరికొకరు నిలబడతారు. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది, పిల్లల స్నేహాన్ని పెద్దలు పిల్లచేష్టగా తీసిపారేయకపోవడం. ఊరంతా చూస్తుండగా దానికి చోటిచ్చారు. మన ఇళ్లలో పిల్ల స్నేహితురాలి పేరైనా తండ్రికి తెలుసా అని అడిగితే ఎందరు జవాబు చెప్పగలరు?

స్నేహితులు లేని పిల్లలందరినీ ఒకే గాటన కట్టకూడదు. 1982లో జాన్ కోయీ, కెన్నెత్ డాడ్జ్, హైడీ కొప్పొటెల్లి తరగతిలో పిల్లల్ని విడివిడిగా పిలిచి, ఎవరంటే బాగా ఇష్టం, ఎవరంటే ఇష్టం లేదు అని అడిగారు. కొందరి పేరు రెండు జాబితాల్లోనూ రాలేదు. వీళ్లు ఎవరి కంటా పడని పిల్లలు. కొందరి పేరు రెండో జాబితాలోనే పదే పదే వచ్చింది, వీళ్లు అందరూ దూరం పెట్టే పిల్లలు. మొదటి రకం పిల్లలు బడి మారితే, బృందం మారితే తేరుకోవచ్చు. భాష రాక మూల కూర్చునే మన పిల్ల తరచూ ఈ రకమే. రెండో రకం పిల్లలకి ఆ ముద్ర కొత్త గుంపులోకి వెళ్లినా తిరిగి పడే ప్రమాదం ఎక్కువ, వాళ్లకి పెద్దల సాయం తప్పనిసరి. వాళ్లలో దుడుకు పిల్లల గురించి డాడ్జ్ 1980లోనే ఒక సంగతి చూపించాడు. ఎవరో తగిలి వీళ్ల బొమ్మ పడిపోయిందనుకోండి. కావాలని చేశాడా, పొరపాటా తెలియదు. దుడుకు పిల్లలు కావాలనే చేశాడని తేల్చేసుకుంటారు. కొట్లాడి వచ్చిన పిల్లవాణ్ణి "ఎందుకు కొట్టావు?" అని గద్దించే బదులు, "వాడు తోసినప్పుడు ఎటు చూస్తున్నాడు? వెనకనుంచి ఇంకెవరైనా తోశారా?" అని ఆ క్షణాన్ని మళ్లీ నడిపించడం మంచిది. తొందరపడి తేల్చేసే అలవాటు మెల్లిగా సడలుతుంది.

అందరికీ ఇష్టమైన పిల్ల కానక్కర్లేదు, ఒక్క స్నేహితురాలు చాలు. మాంట్రియల్‌లో ర్యాన్ ఆడమ్స్, విలియం బుకోవ్‌స్కీ తదితరులు అయిదు, ఆరు తరగతుల పిల్లలచేత నాలుగు రోజులపాటు రోజుకి ఎన్నోసార్లు, ఇప్పుడే ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు, నీ గురించి నీకేమనిపిస్తోంది అని రాయించారు, లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడి పెరిగితే పెరిగే హార్మోన్ అది. చేదు అనుభవం ఎదురైనప్పుడు ప్రాణస్నేహితుడు పక్కన లేని పిల్లల్లో కార్టిసాల్ పెరిగింది, తమ మీద తమకున్న విలువ తగ్గింది. పక్కన ఉన్నవాళ్లలో ఆ దెబ్బ అంతగా తగల్లేదు. ఈ ఫలితాలు 2011లో వచ్చాయి.

అందుకని తల్లి చేయగలిగిన పని చిన్నదే. వీధి పిల్లలందరితో ఆడుకో అని తోయకుండా, ఆదివారం ఒక్క పిల్లని ఇంటికి పిలవాలి. ఇద్దరికీ చేతికి పని ఉండాలి, జంతికలు తిప్పడమో, గాలిపటం అంటించడమో. భాష తక్కువైన పిల్లకి చేతిలో పని ఉంటే మౌనం ఇబ్బందిగా ఉండదు. గంటన్నర చాలు, గొడవ మొదలవకముందే ముగించాలి. అదే పిల్ల రోజూ ఏడిపిస్తోంది, డబ్బా లాక్కుంటోంది, భాషను వెక్కిరిస్తోంది అంటే ఇది వేరే సంగతి. అప్పుడు "నువ్వూ తిరిగి కొట్టు" అనీ "పట్టించుకోకు" అనీ చెప్పి వదిలేయకుండా టీచరు దగ్గరికి మనమే వెళ్లాలి. బలం సమానంగా లేని చోట పిల్లకి ఒంటరిగా న్యాయం దొరకదు. వెక్కిరించేది లేదా కొట్టేది టీచరే అయితే, శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందన్న సంగతి బడికి గుర్తుచేయడానికి వెనకాడకూడదు.

ఈ దెబ్బలన్నీ సాయంత్రం ఇంటికొచ్చి మాటల్లో బయటపడవు. సోమవారం పొద్దున కడుపునొప్పిగా వస్తాయి. "నటిస్తోంది" అంటాం. చాలాసార్లు నొప్పి నిజం. భయం కలిగితే మెదడు ఒత్తిడి సంకేతాలు పంపుతుంది, పేగులకీ మెదడుకీ మధ్య నరాల దారి ఉంది, కడుపు మెలిపెడుతుంది. బడి మానేస్తే పదింటికల్లా నొప్పి తగ్గుతుంది. ఆ హాయే అసలు చిక్కు. తప్పించుకుంటే నొప్పి పోయిందని శరీరం నేర్చుకుంటుంది, మంగళవారం నొప్పి ఇంకాస్త బలంగా వస్తుంది. డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాక, నొప్పిని ఒప్పుకుంటూనే పంపడం మేలు: "నొప్పిగానే ఉంది, నాకు తెలుసు. ఇద్దరం కలిసి వెళదాం. మధ్యాహ్నం వచ్చాక ఏం జరిగిందో చెబుదువుగాని." అంతటితో వదలకుండా, బడిలో భయపెడుతున్నది ఏమిటో ఆ సాయంత్రమే వెతకాలి.

వెతకడానికి మాటలు కావాలి. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం పెద్దవాళ్లకి కోపంతో, భయంతో ఉన్న ముఖాలు చూపిస్తూ మెదడు చిత్రాలు తీసింది. ఆ ఉద్వేగానికి పేరు పెట్టినప్పుడు, భయానికి స్పందించే అమిగ్డలా భాగం చురుకు తగ్గింది. నుదుటి వెనక భాగం చురుకు పెరిగింది. నుదుటి వెనకి ఆ భాగం ఇరవైల నడుమ దాకా ఎదుగుతూనే ఉంటుంది, కాబట్టి పేరు పెట్టే పనిలో పెద్దవాళ్ల అరువు అవసరం. ఈ పనికి తెలుగు చాలా ఉదారమైన భాష. బెంగ వేరు, దిగులు వేరు. ఉక్రోషం వేరు, అలక వేరు. "చిన్నబుచ్చుకున్నావా? అందరిముందూ నవ్వారా?" అని అడిగితే పిల్ల తలూపుతుంది, లేదా "కాదు, కోపం వచ్చింది" అని సరిదిద్దుతుంది. సరిదిద్దినా మేలే, పేరు పెట్టే పని తనే చేసింది.

ఇంటి భాషకి ఇక్కడా ఒక ప్రత్యేకత ఉంది. కేథరిన్ హారిస్ తదితరులు 2003లో, టర్కిష్ మాతృభాషగా ఉండి తర్వాత ఇంగ్లీషు నేర్చినవాళ్లకి రెండు భాషల్లోనూ మాటలు వినిపించి, చర్మం మీద చెమట వల్ల విద్యుత్ వాహకత ఎంత మారుతుందో కొలిచారు. చిన్నప్పుడు పెద్దవాళ్లు తిట్టే తిట్లు టర్కిష్‌లో విన్నప్పుడు శరీరం ఎక్కువగా స్పందించింది. బడిలో హిందీలో పడిన మాట కన్నా ఇంట్లో తెలుగులో పడిన మాట లోతుగా దిగుతుందని మనం ఊహించవచ్చు. "మొద్దు మొహమా" అనే ముందు ఒక్క క్షణం ఆగడానికి ఆ ఊహ చాలదా? ఓదార్పు కూడా అంత లోతుకీ దిగుతుందని నా నమ్మకం.

నిద్ర గురించి ఒక్క మాట. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పదింటిదాకా ట్యూషన్, ఆరింటికి బడి వ్యాను అయితే ఏడుపులకీ అరుపులకీ వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇవన్నీ చేసినా తేలని పిల్లలుంటారు. నిమ్హాన్స్ జరిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. అంత అరుదేమీ కాదు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. వారాల తరబడి ఆటమీద కూడా ఆసక్తి పోవడం, తిండీ నిద్రా మారిపోవడం, చచ్చిపోతానన్న మాట రావడం, ఇవి కనిపిస్తే ఇక ఇంట్లో ఓదార్పుతో ఆగకూడదు. చదవడం విషయంలోనైతే రెండు భాషల్నీ చూడాలి. హిందీ కొత్త కనుక హిందీ చదవలేకపోవడం ఒకటి. ఇంటి భాషలోనే మాటని శబ్దాలుగా విడదీయలేకపోవడం, ప్రాసమాటలు పట్టలేకపోవడం, మూడేళ్లు బడికి వెళ్లినా చిన్న పదం కూడబలుక్కోవడం మరొకటి. ఈ రెండోదానికి పరీక్ష చేయించాలి. అభ్యసన వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో చేర్చారు. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగవచ్చు.

రాయ్‌పూర్‌లో టాటీబంధ్ దగ్గర ఎయిమ్స్ ఉంది, ఊళ్లో అందరూ మెకాహారా అనే అంబేడ్కర్ ఆసుపత్రి ఉంది. ఇంట్లోంచే మాట్లాడాలంటే 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడే వీలుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098.

వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోవడం మంచిది: ఎప్పుడు మొదలైంది, ఏ రోజుల్లో ఎక్కువ, బడి సెలవుల్లో ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలాంటిది ఉండేదా. టీచరు చూసినది కూడా రాయించుకుంటే డాక్టరుకి సగం పని తేలికవుతుంది. పాత నోటుబుక్కులు రెండు సంచీలో వేసుకోవాలి, కొట్టేసిన పేజీలతో సహా. పిల్లకి మాత్రం ఎక్కడికి, ఎందుకు వెళుతున్నామో ముందురోజు రాత్రే చెప్పాలి: "అక్షరాలు నిన్ను ఎందుకు ఇబ్బంది పెడుతున్నాయో చూసే డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. బొమ్మలు చూపించి ప్రశ్నలడుగుతారు. జవాబు రాకపోతే రాలేదని చెప్పొచ్చు. ఆ ప్రశ్నలకి మార్కులుండవు. నేను పక్కనే ఉంటాను."